పొగ ఒక ఊళ్ళో, ఓజోను ఇంకో ఊళ్ళో

(ఎండాకాలం మొదట్లో మహారాష్ట్రలో చంద్రపూర్ (చాందా) జిల్లా బల్లార్షాలో తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు ఒక విశ్రాంత సైన్సు మాస్టారు మాట్లాడినది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. పెద్దమ్మలకు, అన్నలకు, చెల్లెళ్ళకు నమస్కారం. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇప్పుడు వాళ్ళ పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నరు, వాళ్ళకు కూడా. వెనక కూచున్న అన్నా, వినపడుతున్నదా? కూలర్ చప్పుడు ఎక్కువుంటే చెప్పండి, కాసేపు బంద్ చేద్దాం.

గాలి గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు. బల్లార్షా వాళ్ళకు, చాందా వాళ్ళకు గాలి గురించి నేను కొత్తగా ఏం చెప్పాలె? మా నాయిన కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు బాయి పనికి వచ్చిండు. డ్యూటీ దిగి వచ్చి తువ్వాలతో మొహం తుడుచుకుంటే తువ్వాల నల్లగయ్యేది. మా అమ్మ దండెం మీద బట్టలు ఆరేస్తే, తీసేటప్పుడు ఒక్కొక్కటి దులిపి తీసేది. మీ ఇళ్ళల్లో కూడా అంతే గదా? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే చంద్రపూర్‌కు 83.88 వచ్చింది. మార్కులు ఎక్కువొస్తే సంతోషించే పరీక్ష కాదది. దేశంలో నాలుగో స్థానం. కాబట్టి దుమ్ము మనకు తెలుసు, బూడిద తెలుసు, పేపర్ మిల్లు వాసన తెలుసు. ఇవాళ నేను చెప్పేది కనపడనిదాని గురించి. ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉన్నప్పుడే ఎక్కువుండేదాని గురించి.

ముందు ఒక సంగతి చెప్పుకుంట. ఇది నేను చేసిన తప్పు.

బడిలో సైన్సు చెప్పుకుంటనే పిల్లల ఆటలు కూడా నేనే చూసేవాణ్ణి. పొద్దున ఆరింటికి గ్రౌండుకు పోతే పొగ మంచులెక్క నేల మీద పట్టుకుని ఉండేది. ఇళ్ళల్లో బొగ్గు పొయ్యిలు, రోడ్డు మీద లారీలు. పిల్లలు దగ్గేది. సైన్సు మాస్టర్ని గదా, ఆలోచించిన. ఎండెక్కినాక గాలి పైకి లేస్తది, పొగ విడిపోతది, కొండలు కూడా కనపడతయి. అందుకని ప్రాక్టీసు పొద్దున తీసేసి మధ్యాహ్నం మూడింటికి పెట్టిన. మార్చి చివర అనుకుంట. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె ఉండేది. నాలుగు వందల మీటర్లలో ఆమెను అందుకునేవాళ్ళు లేకుండె. మూడింటికి మార్చిన రెండో వారం నుంచి "ఛాతి పట్టేస్తున్నది సార్, లోపలికి గాలి తీసుకుంటే గుచ్చుతున్నది" అన్నది. దుమ్ము బిడ్డా, రుమాలు కట్టుకో అన్న. పాపం, రుమాలు కట్టుకుని పరిగెత్తింది. తగ్గలేదు. ఆ ఏడు జిల్లా పోటీలకు పోనేలేదు.

చాలా ఏండ్లకు ఓజోను గురించి చదువుతుంటే ఒక గీత కనపడ్డది. గంట గంటకు గాలిలో ఓజోను ఎంతుందో గీసిన గీత. పొద్దున కింద ఉంటది. తొమ్మిది పదింటికి లేవడం మొదలుపెడతది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో కొసకు చేరుతది. పొద్దుగూకినంక దిగుతది. నేను ఆ పిల్లలను తీసుకుపోయి సరిగ్గా ఆ కొస మీద పరిగెత్తించిన. రుమాలు దుమ్మును ఆపుతది గానీ ఓజోను వాయువు, దాన్ని రుమాలు ఆపదు. ఆమె ఛాతి నొప్పికి అదే కారణమని నేను రుజువు చెయ్యలేను. ఆ రోజు ఆ గ్రౌండులో ఎవరూ కొలవలేదు. కొలవలేదన్నదే నా బాధ. ఈ మాట మళ్ళీ చివర్లో చెప్తా, యాది పెట్టుకోండి.

ఇప్పుడు మీరు అడగవచ్చు, ఓజోను మంచిది గదా సార్, ఓజోను పొర అని మీరే గదా పాఠం చెప్పిండ్రు అని. అవును, నేనే చెప్పిన. మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండు పరమాణువులు, ఓజోనులో మూడు. నేల మీద నుంచి పదిహేను కిలోమీటర్ల పైన అది సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఆపుతది. అక్కడ అది మనకు గొడుగు. అదే అణువు మన ముక్కు దగ్గరికి వస్తే ఊపిరితిత్తుల లోపలి పొరను కాలుస్తది. 1839లో షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లో బాసెల్ ఊళ్ళో వాసనతోనే దీన్ని పట్టుకున్నడు. గ్రీకులో వాసన అనే మాట నుంచే పేరు పెట్టిండు. కరెంటు నిప్పురవ్వలు లేచిన చోట ఘాటుగా ఒక వాసన వస్తది చూడండి, అది.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఏ చిమ్నీ నుంచి కూడా ఓజోను రాదు. ఏ లారీ సైలెన్సర్ నుంచి కూడా రాదు. మరి ఎక్కడి నుంచి వస్తది? మా అమ్మ వడియాలు పెట్టినట్టు వస్తది. పిండి ఇంట్లో కలుపుతం, వడియం ఎండలో అయితది. ఎండ లేకపోతే పిండి పిండే. ఇక్కడ పిండిలో రెండు సరుకులు. ఒకటి నైట్రోజన్ ఆక్సైడ్లు. మంట బాగా వేడిగా ఉన్నచోట, అంటే బాయిలర్‌లో, డీజిల్ ఇంజన్‌లో పుడతయి. రెండోది ఆవిరయ్యే కర్బన పదార్థాలు. పెట్రోలు బంకులో వచ్చే వాసన, పెయింటు వాసన, కట్టెల పొయ్యి పొగ, చెత్త తగలబెడితే వచ్చేది. చెట్లు కూడా ఇస్తయి. మన పేపర్ మిల్లుకు లారీల్లో వచ్చే జామాయిల్ ఉన్నది గదా, ఆ చెట్టు ఎండకు ఐసోప్రీన్ అనే వాయువును బాగా వదులుతది. అందుకని చెట్లు నరకమని కాదు నేననేది! అడవి గాలిలో ఐసోప్రీన్ ఒక్కటే ఉంటే ఇబ్బంది లేదు. మన పొగ పోయి కలిస్తేనే వడియం.

ఇంకొక మెలిక ఉన్నది. చిమ్నీ నుంచి, సైలెన్సర్ నుంచి అప్పుడే బయటికొచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ ఉంటది చూడండి, అది ఎదురుపడ్డ ఓజోనును తినేస్తది. కాబట్టి లారీలు నిలబడే చౌరస్తాలో, చిమ్నీ పొగ నేలకు దిగే చోట ఓజోను తక్కువ కనపడుతది. ఆ పొగ గాలికి కొట్టుకుపోతూ, ఎండలో నాలుగైదు గంటలు నాని, పల్చబడి, ఎక్కడో యాభై కిలోమీటర్ల అవతల, వంద కిలోమీటర్ల అవతల ఒక చేను మీద ఓజోను అయితది. పొగ ఒక ఊళ్ళో, ఓజోను ఇంకో ఊళ్ళో. అవతలి ఊరి రైతు ఆకాశం చూస్తడు, నీలంగా ఉంటది. మా ఊళ్ళో కాలుష్యం ఎక్కడిది, అది బల్లార్షాలో గదా అంటడు.

ఇది ముందు ఎక్కడ బయటపడ్డది? అమెరికాలో లాస్ ఏంజెలస్‌లో. 1943 జులైలో ఒక రోజు ఊరంతా మసక కమ్మి కండ్లు మండినయి. అప్పుడు యుద్ధం నడుస్తున్నది. జపాన్ వాళ్ళు విషవాయువు వదిలిండ్రేమో అని జనం భయపడ్డరు. తర్వాత కృత్రిమ రబ్బరుకు సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ మీదికి పోయింది నింద. అది ఆపి చూసిండ్రు, మసక పోలేదు. హాగెన్-స్మిట్ అని ఒకాయన, డచ్చి దేశం నుంచి వచ్చిన రసాయన శాస్త్రవేత్త. అంతకుముందు ఆయన పని ఏందో తెలుసా? అనాస పండు వాసన ఎందుకు అట్లుంటదో విడదీసి చూడడం! ఆ నేర్పుతోనే ఊరి గాలిని కూడా విడదీసిండు. కార్ల పొగ, రిఫైనరీల ఆవిర్లు, ఎండ, ఈ మూడు కలిసి ఓజోను పుడుతున్నదని 1950ల మొదట్లో తేల్చిండు. ఆ రోజుల్లో ఓజోనును దేంతో కొలిచేటోళ్ళు? వంచిన రబ్బరు ముక్కతో. ఎంతసేపటికి పగుళ్ళు వస్తే అంత ఓజోను అని లెక్క. రబ్బరు ముక్కే పగులుతుంటే లోపలి మెత్తటి ఊపిరితిత్తి సంగతేందో మీరే ఆలోచించండి.

1955లో అక్కడ నూరు కోట్ల గాలి అణువుల్లో ఓజోను 680 దాకా పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎనిమిది గంటల సగటుకు పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, అంటే నూరు కోట్లలో దాదాపు 50. మన దేశంలో కూడా 2009 నుంచి ఎనిమిది గంటలకు హద్దు అదే 100. ఇప్పుడు లాస్ ఏంజెలస్‌లో కార్లు ఎన్నో రెట్లు పెరిగినయి, అయినా 680 ఎక్కడ, ఇప్పటి అంకెలు ఎక్కడ, చాలా దిగింది. చట్టం పెట్టి, 1970ల నుంచి కార్ల సైలెన్సర్లలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్లు పెట్టించి దించిండ్రు. పూర్తిగా పోలేదు. ఇంకా ఒక సంగతి చూడండి. సముద్రపు గాలి ఆ పొగను తూర్పుకు తోస్తది. తూర్పున శాన్ బెర్నార్డినో కొండలు. అక్కడ ఫ్యాక్టరీల్లేవు, అడవి. ఆ అడవిలో పైన్ చెట్ల ఆకులు పసుపుపచ్చగా మారి రాలినయి. కార్లు నడిపింది ఒకళ్ళు, ఎండిపోయింది ఇంకొకళ్ళ అడవి.

మెక్సికో సిటీ ఇంకో తీరు. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తులో, చుట్టూ కొండలు, తాంబాళంలో పెట్టినట్టు ఊరు. ఎత్తు మీద ఎండ తీవ్రం, గాలి కదలదు. 1991లో ఊళ్ళో ఉన్న పెద్ద రిఫైనరీని మూసేసిండ్రు. అయినా ఆ మరుసటి ఏడు ఓజోను విపరీతంగా పెరిగింది. ఒక్క ఫ్యాక్టరీ మూసినంత మాత్రాన తీరే లెక్క కాదది.

ఎండాకాలపు జబ్బు అంటున్నం గదా? అమెరికాలోనే వయోమింగ్ అని ఒక రాష్ట్రం ఉన్నది. అక్కడ గ్రీన్ రివర్ లోయలో ఓజోను ఎప్పుడు ఎక్కువ? చలికాలంలో! నేను చదివినప్పుడు నమ్మలేదు. అది జనం పల్చగా ఉండే చోటు, కానీ గ్యాసు బావులు చాలా. చలికాలం మంచు పరుచుకుంటది. మంచు మీద పడ్డ ఎండ అద్దం మీద పడ్డట్టు తిరిగి పైకి కొడతది, అంటే గాలికి ఎండ రెండు సార్లు తగులుతది. చల్లటి గాలి లోయలో మూతపెట్టినట్టు అడుగునే ఉండిపోతది. బావుల నుంచి వచ్చిన ఆవిర్లు అందులోనే నానుతయి. పెద్ద నగరాల్లో వచ్చే అంకెలు ఆ లోయలో వచ్చినయి. ఎండ, మూత, పిండి, ఈ మూడూ దొరికితే చాలు, ఊరు పెద్దదా చిన్నదా అని ఓజోను చూడదు.

ఇప్పుడు మనకు బాగా దగ్గరి చోటు. ఈ హాల్లో గల్ఫ్‌కు పోయొచ్చినోళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. చూడండి. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు మన చుట్టాలయితే ఇంకా ఎక్కువ. గల్ఫ్ ఎండాకాలంలో మబ్బు ఉండదు, ఎండ పొద్దంతా. చుట్టూ చమురు బావులు, రిఫైనరీలు, ఓడలు. పైన ఆకాశంలో గాలి కిందికి దిగుతూ మూతలాగ నొక్కుతది. ఓజోనుకు ఇంతకన్నా అనుకూలమైన పొయ్యి భూమి మీద తక్కువ. ప్రపంచంలో ఓజోను బాగా ఎక్కువుండే చోట్లలో గల్ఫ్ ఒకటని శాస్త్రవేత్తలు 2009లోనే లెక్క గట్టి చూపించిండ్రు. వడదెబ్బ తగులుతదని మధ్యాహ్నం కొన్ని గంటలు బయట పని ఆపాలనే నియమం అక్కడి దేశాల్లో ఉన్నది. మంచిదే. కానీ మూడు గంటలకు పని మళ్ళీ మొదలైతే గాలిలో ఓజోను ఇంకా కొస మీదనే ఉంటది. మీ తమ్ముడు, మీ కొడుకు ఫోన్లో "ఛాతి పట్టేసినట్టున్నది, దుమ్ము" అంటే, దుమ్ము ఒక్కటే అనుకోకండి. నేను అనుకున్న, తప్పు చేసిన.

యూరప్ సంగతి త్వరగా చెప్తా. ఉత్తరాన ఎండ తక్కువ, ఓజోను తక్కువ. దక్షిణాన ఇటలీలో పో నది మైదానం, మధ్యధరా తీరం, అక్కడ ఎక్కువ. 2003 ఆగస్టు వడగాలుల్లో ఓజోను కూడా బాగా పెరిగింది.

చైనా దగ్గర మాత్రం ఆగాలె, ఎందుకంటే రేపు మనకు వచ్చేది అదే. 2013లో చైనా గాలి శుభ్రం చెయ్యడానికి గట్టి పథకం పెట్టింది. సన్నటి దుమ్ము బాగా తగ్గింది, మెచ్చుకోవాల్సిందే. కానీ అదే కాలంలో ఉత్తర మైదానంలో ఎండాకాలపు ఓజోను పెరిగింది. ఎందుకు? ఓజోను పుట్టించే చురుకైన ముక్కలను ఆ దుమ్ము రేణువులే పీల్చుకుంటుండె, ఇప్పుడు పీల్చేటివి తగ్గినయి అని ఒక వివరణ. నైట్రోజన్ ఆక్సైడ్లు కొంచెం తగ్గితే ఓజోనును తినేది కూడా తగ్గుతది గదా, ఆవిరయ్యే కర్బన పదార్థాలు అంత తగ్గలేదు, అది ఇంకో వివరణ. 2020 లాక్‌డౌన్‌లో మనం చూసినం, బండ్లు ఆగినయి, ఆకాశం ఎంత తేటగా ఉండె! ఆ తేట ఆకాశం కింద చైనాలో, యూరప్‌లో, మన దేశంలో కూడా కొన్ని నగరాల్లో ఓజోను తగ్గకపోగా పెరిగింది. అందుకే రెండు సరుకులు కలిపి తగ్గించాలె. ఒక్కటి తగ్గించి చప్పట్లు కొట్టుకుంటే కుదరదు.

ఆఫ్రికా మధ్య భాగంలో, బ్రెజిల్‌లో ఫ్యాక్టరీల కన్నా గడ్డి మంటలు, అడవి మంటలు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆ పొగ సముద్రం మీదికి పోయి, ఆఫ్రికాకు దక్షిణ అమెరికాకు నడుమ మనిషి లేని చోట ఓజోను పేరుకుంటది. ఉపగ్రహాలు చూపెట్టినయి గానీ నేల మీద కొలిచే యంత్రాలు ఆ ఖండంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ప్రపంచ పటం మీద కొలిచిన చోట్లకు చుక్కలు పెడితే అమెరికా, యూరప్, జపాన్ చుక్కలతో నిండిపోతయి. ఆఫ్రికా తెల్లగా ఉంటది. తెల్లగా ఉన్నదంటే గాలి శుభ్రంగా ఉన్నదని కాదు.

దక్షిణాన ఆస్ట్రేలియా కింద టాస్మేనియా దిక్కు పోతే సముద్రం మీది గాలిలో ఓజోను నూరు కోట్లలో 25 దగ్గర దొరుకుతది. ఉత్తరాన సముద్రం నడిమధ్యలో హవాయి కొండ మీద కొలిస్తే 40 దాకా. అక్కడ ఏ లారీ నడుస్తున్నది? ఓజోను పై గాలిలో వారాల తరబడి బతుకుతది, ఆసియాలో పుట్టింది పసిఫిక్ దాటి అమెరికా పడమటి తీరం చేరుతది. మనుషులు, పొగ ఎక్కువున్నది ఉత్తర సగంలో గనక ఉత్తర సగమంతా ఆ బరువు మోస్తున్నది.

మన దేశానికి వద్దాం. గంగా మైదానంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా బాగా ఎక్కువ. వానలు పడంగనే మబ్బు ఎండను ఆపుతది, సముద్రపు శుభ్రమైన గాలి వస్తది, దిగిపోతది. 2021లో ఓజోను వల్ల ప్రపంచంలో దాదాపు 4 లక్షల 90 వేల మంది చనిపోయిండ్రని అంచనా. అందులో దాదాపు సగం మన దేశంలోనే. సగం! ఎక్కువగా ఊపిరితిత్తుల జబ్బు ముదిరినోళ్ళు.

పంట సంగతి కూడా వినండి, ఇక్కడ భూమి ఉన్నోళ్ళు ఉన్నరు. ఆకు కింద కంటికి కనపడని రంధ్రాలుంటయి, గాలి పీల్చుకునేవి. ఓజోను వాటిలోంచే లోపలికి పోతది. ఆకు మీద సన్నటి మచ్చలు, తొందరగా పండుబారడం. పురుగు కాదు, తెగులు కాదు, మందు కొట్టినా పోదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2005 సంవత్సరానికి లెక్క కట్టిండ్రు. దేశంలో ఆ ఒక్క ఏడు గోధుమ 35 లక్షల టన్నులు, వరి 21 లక్షల టన్నులు ఓజోనుకు పోయినయట. 9 కోట్ల 40 లక్షల మందికి సరిపోయే తిండి. నష్టం ఎక్కువ మధ్య భారతంలో, ఉత్తరాన. మధ్య భారతం అంటే ఎవరు? మనమే. మనం వేసే సోయాబీన్ కూడా ఓజోనుకు తట్టుకోలేని పంటల్లో ఒకటి.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ మన నేల మీద పెట్టి చూడండి. మబ్బులేని ఎండ ఉన్నది, 47 డిగ్రీలు చూసినోళ్ళం. బాయిలర్లున్నయి, థర్మల్ ప్లాంటే 2,920 మెగావాట్లు. వేల లారీలున్నయి. వేసవిలో అడవి అంటుకుంటది. ఏం తక్కువైంది? కొలిచే స్టేషన్లు చంద్రపూర్ ఊళ్ళో ఉన్నయి, ఓజోను కొలిచినా ఊరి నడుమ కొలుస్తయి. ఎండాకాలం మధ్యాహ్నం వడగాలి వాయవ్యం నుంచి కొడతది. అంటే మన పొగ ఎటు పోతది? గోండ్‌పిప్రి దిక్కు, నది దాటి సిర్పూర్ దిక్కు, ఆసిఫాబాద్ దిక్కు. మన వియ్యంకుల ఊళ్ళు, మన ఆడబిడ్డలను ఇచ్చిన ఊళ్ళు. అవతల తెలంగాణ కాలుష్య నియంత్రణ బోర్డు, ఇవతల మహారాష్ట్ర బోర్డు. ఒక స్టేషన్ గాలి వాలున ఉన్న పల్లెలో, చేన్ల నడుమ పెట్టండని రెండు దిక్కులా అడగాలె. నేను అర్జీ రాసి తెచ్చిన, మరాఠీలో ఒకటి, తెలుగులో ఒకటి. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి.

పిల్లలున్న తల్లులకు ఒక్క మాట. మార్చి నుంచి వానలు పడేదాకా పదకొండు నుంచి సాయంత్రం అయిదున్నర దాకా పిల్లలను పరిగెత్తనియ్యకండి. ఉబ్బసం ఉంటే అసలే వద్దు. ఇంట్లో ఉంటే ఓజోను చాలా తక్కువ తగులుతది. మరీ తెల్లారగట్ల పొగ ఉంటది గనక ఎనిమిది దాటినాక ఆడుకోనియ్యండి.

స్టేషన్ వచ్చేదాకా ఖాళీగా కూచోవద్దు. షోన్‌బైన్ పద్ధతి ఉన్నది, నూట ఎనభై ఏండ్ల పాతది. వంద మిల్లీలీటర్ల నీళ్ళలో చెంచాన్నర లోపు మక్క పిండి వేసి గంజి కాయాలె. పావు చెంచా పొటాషియం అయొడైడ్ కలపాలె, బడి ల్యాబులో దొరుకుతది. ఆ గంజిని వడపోత కాగితానికి రాసి చీకట్లో ఆరబెట్టాలె. ఓజోను తగిలితే కాగితం ఊదాకు, నీలానికి తిరుగుతది. తేమ ఎక్కువుంటే రంగు తప్పు చెప్తది, కాబట్టి దీన్ని అంకె అనుకోవద్దు, ఒక ఊరికి ఇంకో ఊరికి తేడా చూసుకోవడానికి మాత్రమే. నేను రెండు వందల పట్టీలు చేసి తెచ్చిన. ఆ బల్ల మీద నల్ల కవర్లలో ఉన్నయి, వెలుతురు తగలనియ్యకండి. ఇంటికి పది తీసుకోండి. అయిదు ఇక్కడ కట్టండి, అయిదు గోండ్‌పిప్రిలోనో సిర్పూర్‌లోనో మీ చుట్టాలకు పంపండి. కొంచెం తడిపి, నీడలో, గాలాడే చోట, పొద్దున తొమ్మిది నుంచి అయిదు దాకా వేలాడదియ్యాలె. దించినాక మళ్ళీ తడిపితే రంగు తేలుతది. వెనక తారీఖు, ఊరి పేరు, ఆ రోజు మబ్బు ఉండెనా లేదా పెన్సిలుతో రాయండి. వచ్చే ఆదివారం ఇక్కడికే తీసుకురండి, అన్నీ వరుసగా గోడకు అతికిద్దాం.